రొయ్య తరఫున వకీలెవరు? ప్రభుత్వ వాణిజ్య న్యాయవాది ఉద్యోగం లోగుట్టు

2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. రొయ్యల మీద అంతకుముందే వేరే సుంకాలు రెండు ఉన్నాయి. అవీ కలిపితే లెక్క 58 శాతం దాకా పోయింది. కంటైనర్ ఇంకా విశాఖ రేవు దాటకముందే భీమవరం, నెల్లూరు వైపు చెరువుగట్ల మీద కౌంట్‌కి (కిలోకు తూగే రొయ్యల సంఖ్యకు) ఇంత అని కొనుగోలు ధర కోసేశారు. అప్పుడు గట్టు మీదా, టీవీ చర్చల్లోనూ ఒకే ప్రశ్న వినబడింది: "దేశాల మధ్య తగువులు తీర్చే కోర్టు జెనీవాలో ఉందంటారుగా, మన ప్రభుత్వం అక్కడ కేసు వేయొచ్చుగా?"

వేయొచ్చు. అయితే ఆ కేసు ఎవరు రాస్తారు, ఎవరు వాదిస్తారు, గెలిస్తే రైతుకు ఏం వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్లు తక్కువ. ఆ పని చేసేవాళ్లను ప్రభుత్వ అంతర్జాతీయ వాణిజ్య న్యాయవాదులు అంటారు. నల్లకోటు వేసుకుని బల్ల గుద్ది వాదించే వకీలు బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. వీళ్ల పనిలో కోర్టు కంటే ఎక్సెల్ షీట్ ఎక్కువ.

ముందు సుంకాల్లో రకాలు

అన్నిటినీ కలిపి "టారిఫ్" అనేయడం వల్లే సగం గందరగోళం. రొయ్యల విషయంలోనే మూడు రకాలున్నాయి.

మొదటిది మామూలు దిగుమతి సుంకం. ఏ వస్తువు మీద ఎంతకు మించి వేయబోమో ప్రతి దేశం ప్రపంచ వాణిజ్య సంస్థకు, అంటే డబ్ల్యూటీవోకు, ముందే రాసిస్తుంది. ఆ గీత దాటితే మాట తప్పినట్టే. 2025లో అమెరికా వేసిన 50 శాతం మీద గొడవ ఇక్కడే.

రెండోది యాంటీ డంపింగ్ సుంకం. ఒక కంపెనీ తన దేశంలో అమ్మే ధరకంటే తక్కువకు పరాయి దేశంలో అమ్మి, అక్కడి పరిశ్రమను దెబ్బతీస్తే, ఆ తేడా మేరకు వేసే సుంకం ఇది. మన రొయ్య మీద అమెరికా దీన్ని 2005 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తోంది. ఆ కేసులో మనతోపాటు బ్రెజిల్, చైనా, ఈక్వెడార్, థాయ్‌లాండ్, వియత్నాం కూడా ఉన్నాయి.

మూడోది కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ. ఇక్కడ తప్పు కంపెనీది కాదు, ప్రభుత్వానిది అంటారు. మీ ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చింది, దానికి విరుగుడుగా మేం సుంకం వేస్తున్నాం అని. 2013లో మన రొయ్య మీద ఇది పడబోయి ఆగింది. సబ్సిడీ ఉందన్నారు గానీ, దానివల్ల అమెరికా రొయ్యల పరిశ్రమకు నష్టం కలిగిందని అక్కడి ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ ఒప్పుకోలేదు. 2024లో మళ్లీ దర్యాప్తు చేశారు. ఈసారి పడింది. ఎక్కువ కంపెనీలకు వర్తించే రేటు 5.77 శాతం.

రకాన్ని బట్టి వకీలు కూడా మారతాడు. డంపింగ్ దర్యాప్తులో లెక్కలు చెప్పుకోవాల్సింది కంపెనీ, ఫీజు కట్టేదీ కంపెనీయే. సబ్సిడీ దర్యాప్తులో మాత్రం ప్రశ్నపత్రం నేరుగా భారత ప్రభుత్వానికి వస్తుంది. ఏ పథకం కింద ఎవరికి ఎంత ఇచ్చారు, ఏ జీవో ప్రకారం ఇచ్చారు, కరెంటు రాయితీ ఎంత అంటూ పేజీలకు పేజీలు. గడువులోగా సరిగా జవాబివ్వకపోతే, "అందుబాటులో ఉన్న సమాచారం" పేరుతో అవతలివాళ్లు తమకు తోచిన లెక్క వేసుకోవచ్చు. ఆ లెక్క సాధారణంగా మనకు అనుకూలంగా ఉండదు. అందుకని ఢిల్లీలో కూర్చున్న వాణిజ్య న్యాయవాది అమరావతిలోని ఏదో శాఖకు ఫోన్ చేసి పాత ఉత్తర్వు ప్రతి కోసం బతిమాలుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

గుమ్మాలు చాలా, తాళంచెవులు వేరు

ఒకే రొయ్య గురించి మూడు చోట్ల వాదించవచ్చు.

వాషింగ్టన్‌లో దర్యాప్తు జరిగేటప్పుడు అక్కడి వాణిజ్య శాఖ ముందు వాదించడం మొదటిది. ఆ నిర్ణయం నచ్చకపోతే న్యూయార్క్‌లోని కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ట్రేడ్‌కు పోవడం రెండోది. అక్కడ అమెరికా ప్రభుత్వం తరఫున నిలబడేది ఆ దేశ న్యాయశాఖ వకీళ్లు. 2025 మేలో ఇదే కోర్టు, అత్యవసర అధికారాల చట్టం కింద ట్రంప్ వేసిన సుంకాలు చెల్లవని తీర్పిచ్చింది. ఆ కేసు వేసింది అమెరికాలోని చిన్న దిగుమతి వ్యాపారులు, కొన్ని రాష్ట్రాలు. మన రొయ్యకు అంత సంబంధం ఉన్న కేసులో మన ప్రభుత్వానికి ఏ పాత్రా లేదు.

మూడోది జెనీవా. ఇక్కడ సంగతి సరిగ్గా తిరగబడుతుంది. డబ్ల్యూటీవోలో కేసు వేసే హక్కు ప్రభుత్వానికే ఉంది. రైతుకు లేదు, ఎగుమతిదారుకు లేదు, సంఘానికీ లేదు. నష్టం ఒకరిది, సంతకం మరొకరిది. ఈ ఉద్యోగంలో చిక్కంతా దాదాపు ఇక్కడే పుడుతుంది. వాస్తవాలు, బిల్లులు, బ్యాంకు కాగితాలు ఉండేది కాకినాడలోనో నెల్లూరులోనో. వాటిని ఒప్పంద భాషలోకి మార్చి నిరూపించాల్సినవాడు ఉండేది ఢిల్లీలో.

డబ్ల్యూటీవో మెట్లు క్లుప్తంగా ఇవి. ముందు సంప్రదింపులు కోరాలి. 60 రోజుల్లో తెగకపోతే ముగ్గురు సభ్యుల ప్యానెల్‌ను అడగొచ్చు. ప్యానెల్ నివేదిక నచ్చకపోతే అప్పీలేట్ బాడీకి పోవచ్చు, కాదు, 2019 దాకా పోయే వీలుండేది. ఆ కథ తర్వాత.

"సమంజసం" అన్న ఒక్క మాట మీద మూడేళ్లు

ఈ పని ఎలా ఉంటుందో తెలియాలంటే మన రొయ్య కేసునే ఒకదాన్ని దగ్గరగా చూడాలి.

అమెరికాలో యాంటీ డంపింగ్ సుంకం వసూలు పద్ధతి విచిత్రంగా ఉంటుంది. సరుకు దిగినప్పుడు ఒక రేటు ప్రకారం డిపాజిట్ కట్టించుకుంటారు. అసలు సుంకం ఎంతో తర్వాత జరిపే సమీక్షలో తేలుస్తారు. తక్కువ తేలితే వెనక్కి ఇస్తారు, ఎక్కువ తేలితే తేడా కట్టమంటారు. అంతకుముందు చైనా నుంచి క్రాఫిష్ తెచ్చిన దిగుమతిదారులు కొందరు ఆ తేడా కట్టకుండా మాయమయ్యారు. దాంతో అక్కడి కస్టమ్స్ 2004లో కొత్త నిబంధన పెట్టింది. డిపాజిట్‌తో పాటు, ఏడాది దిగుమతుల మీద పడే మొత్తం సుంకానికి సమానంగా బాండు కూడా ఇవ్వాలని. దాన్ని అమలు చేసింది రొయ్యల మీద మాత్రమే.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక దిగుమతిదారు ఏడాదికి కోటి డాలర్ల రొయ్య తెస్తాడు. సుంకం రేటు 10 శాతం. డిపాజిట్ కింద 10 లక్షల డాలర్లు ఎలాగూ కట్టాలి. పాత పద్ధతిలో బాండు ఏడాదిలో కట్టిన సుంకంలో పదో వంతు, అంటే లక్ష డాలర్లు. కొత్త పద్ధతిలో బాండే 10 లక్షలు. పైగా పాత ఏడాది సమీక్ష తేలేలోపు కొత్త ఏడాది బాండు వచ్చి నెత్తిన కూర్చుంటుంది. చాలా సందర్భాల్లో అమెరికాలో దిగుమతిదారుగా నమోదైంది మన ఎగుమతిదారే. కాబట్టి డబ్బు బిగుసుకుపోయింది మనవాళ్లదే. చెరువు దగ్గర అప్పు మీద మేత తెచ్చుకునే రైతుకు ప్లాంటు నుంచి డబ్బు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో గోదావరి జిల్లాల్లో ఎవరికీ వివరించక్కర్లేదు.

2006 జూన్‌లో భారత్ జెనీవాలో కేసు వేసింది. థాయ్‌లాండ్ తన కేసు తాను వేసింది. మన వకీళ్లు పెట్టిన మొదటి వాదన బలమైంది: డిపాజిట్ తీసుకున్నాక ఇంకో హామీ అడిగే హక్కే మీకు లేదు, ఒప్పందంలో హామీ అన్న మాట దర్యాప్తు నడుస్తున్న కాలానికే వర్తిస్తుంది. రెండో వాదన దాని వెనక దాచుకున్నది: ఒకవేళ హక్కు ఉన్నా, అడిగే హామీ సమంజసంగా ఉండాలి, ఇది సమంజసంగా లేదు.

మొదటి వాదన ఓడిపోయింది. రెండోది నిలబడింది. సుంకం రేటు పెరిగే అవకాశం ఉందని అమెరికా రొయ్యల విషయంలో చూపించలేకపోయిందనీ, అలాంటప్పుడు ఇంత బాండు సమంజసం కాదనీ 2008 జులైలో అప్పీలేట్ బాడీ తేల్చింది. 2009లో అమెరికా ఆ నిబంధనను రొయ్యల మీద నుంచి తీసేసింది.

ఇందులో గమనించాల్సినవి రెండు. తమకు అన్నిటికంటే నచ్చిన వాదన ఓడిపోతుందని ముందే ఊహించి, దాని కింద ఇంకో మెట్టు కట్టుకోవడమే ఈ వృత్తిలో అసలు పనితనం. ఇక రెండోది చేదు. డబ్ల్యూటీవో తీర్పు ముందుకు మాత్రమే పని చేస్తుంది. ఇకమీదట తప్పు సరిదిద్దుకో అంటుందే తప్ప, జరిగిన నష్టానికి పరిహారం ఇవ్వమనదు. ఆ మూడేళ్లలో వడ్డీకి పోయింది పోయినట్టే.

ఇంకో చిన్న విశేషం. 2005లో అమెరికా వేసిన ఆ సుంకం మామూలు రొయ్యకే గానీ, బ్రెడ్ పొడి అద్దిన రొయ్యకు వర్తించదని ఉత్తర్వులో మినహాయింపు ఉంది. పొడి ఎంత మందాన అద్దితే "అద్దినట్టు" అన్నది కూడా న్యాయశాస్త్ర ప్రశ్నే. నవ్వొస్తుంది గానీ, ఆ గ్రాముల మీదే కంటైనర్ల కొద్దీ డబ్బు ఉంటుంది.

సున్నా పెట్టి గెలవడం

లెక్కలంటే భయపడి లా చదివినవాళ్లకు ఈ రంగంలో చుక్కెదురే. ఉదాహరణకు "జీరోయింగ్" అనే పద్ధతి చూడండి.

ఒక కంపెనీ రెండు రకాల దుప్పట్లు అమ్ముతుంది అనుకుందాం. రెండింటికీ సొంత దేశంలో ధర 100. మొదటి రకాన్ని బయట 90కి అమ్మింది, 10 తక్కువ. రెండో రకాన్ని 110కి అమ్మింది, 10 ఎక్కువ. సగటు చూస్తే తేడా సున్నా, డంపింగ్ లేదు. కానీ దర్యాప్తు అధికారి ఏమన్నాడంటే, ఎక్కువకు అమ్మినదాన్ని మైనస్ 10గా తీసుకోను, సున్నాగా తీసుకుంటాను అన్నాడు. అప్పుడు మొత్తం 10, అమ్మకం విలువ 200. డంపింగ్ 5 శాతం తేలింది. లేని దొంగతనం లెక్కలో పుట్టింది.

యూరప్ మన పరుపు దుప్పట్ల మీద సరిగ్గా ఈ పద్ధతే వాడింది. భారత్ కేసు వేసి, 2001 మార్చిలో అప్పీలేట్ బాడీ దగ్గర గెలిచింది. తర్వాత ఎన్నో దేశాలు అమెరికా మీద వేసిన జీరోయింగ్ కేసులకు ఆ దుప్పట్ల తీర్పే ఆధారమైంది. మన రొయ్యతోపాటు సుంకం పడ్డ ఈక్వెడార్, థాయ్‌లాండ్ తమ రొయ్యల కేసులు గెలిచిందీ దీని మీదే.

కుర్చీ మారితే

ఇప్పటిదాకా మనది బాధితుడి కుర్చీ. ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్, క్లుప్తంగా డీజీటీఆర్, ఆఫీసులో కూర్చుంటే మనమే దర్యాప్తు చేసేవాళ్లం. 2018లో ఈ పేరుతో ఏర్పడింది. చైనా నుంచో కొరియా నుంచో వచ్చే రసాయనాలు, ఉక్కు, ఫైబర్ చవగ్గా దిగుతున్నాయని మన కంపెనీ ఫిర్యాదు చేస్తే ఇక్కడే విచారణ. ఇక్కడి అధికారులు ఇండియన్ ట్రేడ్ సర్వీస్, కస్టమ్స్, కాస్ట్ అకౌంట్స్ లాంటి సర్వీసుల నుంచి వస్తారు. వాదించేవాళ్లు రెండు వైపులా ప్రైవేటు లాయర్లు. అంటే ప్రభుత్వం ఇక్కడ వకీలు కాదు, ఒకరకంగా జడ్జి.

ఈ ఫైళ్లలో ఒక వింత ఉంటుంది. ప్రతి కాగితానికీ రెండు ప్రతులు. ఒకటి రహస్యం, అసలు అంకెలు అందులో ఉంటాయి. రెండోది అందరూ చూడగలిగేది. అందులో ఉత్పత్తి వ్యయం కాలమ్ తెరిస్తే 100, 104, 97, 112 అని కనబడుతుంది. రూపాయలా, డాలర్లా అని బుర్ర గోక్కోకూడదు. మొదటి ఏడాదిని 100 అనుకుని మిగతావాటిని దానికి పోల్చి రాసిన సూచికలవి. పోటీదారుకు ధోరణి తెలియాలి, ధర మాత్రం తెలియకూడదు. అవతలి లాయరు ఆ నీడను చూసి మనిషి ఎత్తు చెప్పాలి.

మన దగ్గర ఇంకో పద్ధతి ఉంది, తక్కువ సుంకం సూత్రం అంటారు. ఒక ఊహాత్మక లెక్క: విదేశీ కంపెనీ సొంత దేశంలో కిలో 500కి అమ్మే రసాయనాన్ని మనకు 420కి అమ్ముతోంది. తేడా 80, అంటే 19 శాతం డంపింగ్. మన పరిశ్రమ నష్టపోకుండా ఉండాలంటే ధర 470 ఉండాలి, దిగుమతి సరుకు ఇక్కడ చేరే ధర 435. తేడా 35, అంటే 8 శాతం. సుంకం 19 కాదు, 8 వేస్తారు. గాయానికి సరిపడా కట్టు చాలన్న ఉద్దేశం. అదీ డీజీటీఆర్ సిఫార్సు చేస్తుంది, వేయాలో వద్దో ఆర్థిక శాఖ తేలుస్తుంది. ఫిర్యాదు చేసిన కంపెనీకి రక్షణ కావాలి, అదే రసాయనం కొనుక్కుని మందులు తయారుచేసే హైదరాబాద్ కంపెనీకి చౌక కావాలి. ఇద్దరూ మనవాళ్లే.

చెరకు కేసు: కొనకపోయినా సబ్సిడీయేనా?

ముద్దాయి బోనులో నిలబడ్డ కేసులు ఇంకా కష్టం. బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా కలిసి మన చక్కెర విధానం మీద కేసు వేశాయి. చెరకుకు కేంద్రం ఏటా ఒక గిట్టుబాటు ధర, ఎఫ్‌ఆర్‌పీ, ప్రకటిస్తుంది. మిల్లులు దానికి తగ్గకుండా రైతుకు చెల్లించాలి. భారత్ వాదన సూటిగా ఉంది: చెల్లించేది మిల్లులు, ప్రభుత్వ ఖజానా నుంచి పైసా పోవడం లేదు, ఇది మా సబ్సిడీ ఎలా అవుతుంది?

2021 డిసెంబరులో ప్యానెల్ ఒప్పుకోలేదు. ధర నిర్ణయించింది ప్రభుత్వం కాబట్టి అది మద్దతు ధరే, ఎవరు చెల్లించారన్నది అనవసరం అంది. మద్దతు పంట విలువలో 10 శాతం అన్న పరిమితి దాటిందని కూడా తేల్చింది.

ఇందులో ఒక్క పదం ఎంత పని చేస్తుందో చూడండి. ఒప్పందం ప్రకారం మద్దతు విలువ కట్టాలంటే, ప్రభుత్వం ప్రకటించిన ధరకూ అంతర్జాతీయ ధరకూ ఉన్న తేడాను "అర్హత ఉన్న ఉత్పత్తి"తో గుణించాలి. ఒక పంట దేశంలో 1000 క్వింటాళ్లు పండింది, ప్రభుత్వం కొన్నది 300. ధరల తేడా క్వింటాలుకు 100 రూపాయలు. కొన్నదే అర్హత అంటే మద్దతు 30,000. పండినదంతా అర్హత అంటే లక్ష. పంట మొత్తం విలువ 6 లక్షలైతే పరిమితి 60,000. మొదటి అర్థంలో మనం నిర్దోషులం, రెండో అర్థంలో దోషులం. అంకె ఒక్కటీ మారలేదు. కొరియా గొడ్డుమాంసం కేసులో అప్పీలేట్ బాడీ 2000లోనే రెండో అర్థం వైపు మొగ్గింది. అందుకే మన వరి, గోధుమ మద్దతు ధరల గురించి జెనీవాలో మాట వచ్చినప్పుడల్లా ఢిల్లీలో టెన్షన్.

గుణకారం ఇలా ఉంటే, తీసివేతలో ఇంకో పేచీ. ధరల తేడాను 1986–88 నాటి అంతర్జాతీయ ధరతో పోల్చి లెక్కిస్తారు. ఇవాళ్టి ధర నుంచి నలభై ఏళ్ల కిందటి ధర తీసేస్తే తేడా పెద్దదిగానే తేలుతుంది. ఇది అన్యాయమని భారత్ ఎప్పటి నుంచో అంటోంది. సంతకం పెట్టినప్పుడు ఒప్పుకున్నదే కదా అని అవతలి దేశాలు అంటాయి. రెండూ నిజమే. ప్రస్తుతానికి ఆహార నిల్వల పథకాలకు 2013 బాలి సమావేశంలో కుదిరిన "పీస్ క్లాజ్", అంటే పరిమితి దాటినా కేసు వేయకూడదన్న ఒప్పుదల, గొడుగుగా ఉంది. 2018–19 వరికి దాన్ని వాడుకున్న తొలి దేశం మనదే. చెరకుకు ఆ గొడుగు లేదు.

శూన్యంలోకి అప్పీలు

చక్కెర తీర్పు మీద భారత్ 2022 జనవరిలో అప్పీలుకు వెళ్లింది. ఎక్కడికి? ఎవరూ లేని చోటికి.

అప్పీలేట్ బాడీలో ఏడుగురు ఉండాలి, ఒక కేసు వినడానికి కనీసం ముగ్గురు కావాలి. కొత్తవాళ్ల నియామకాన్ని అమెరికా అడ్డుకుంటూ వచ్చింది. 2019 డిసెంబరుకి ఒక్కరే మిగిలారు, తర్వాత ఆ ఒక్కరూ వెళ్లిపోయారు. నిబంధన ప్రకారం అప్పీలు పెండింగ్‌లో ఉన్నంతకాలం ప్యానెల్ తీర్పు అమలుకు రాదు. కాబట్టి ఓడినవాడు ఖాళీ కుర్చీలకు అప్పీలు పెట్టేస్తే కేసు అక్కడే గడ్డకడుతుంది. దీన్నే శూన్యంలోకి అప్పీలు అంటున్నారు. అప్పీలేట్ బాడీ స్తంభించిన వారం రోజులకే అమెరికా మన ఉక్కు కేసులో ఈ పని చేసింది. మనం చక్కెరలో చేశాం, మొబైల్ ఫోన్ల మీద సుంకాల కేసులోనూ చేశాం.

దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఒక వర్గం మాట: అప్పీలు ఒప్పందం ఇచ్చిన హక్కు, కుర్చీలు ఖాళీ చేసింది మేం కాదు, కోట్ల మంది చెరకు రైతులున్న దేశం సగం న్యాయానికి కట్టుబడాల్సిన పని లేదు. రెండో వర్గం మాట: ఇవాళ మనం వాడుకున్న సందునే రేపు మన మీద వాడతారు, పెద్ద దేశాలకు బలం ఉంది, నిబంధనలు పోతే మొదట నష్టపోయేది మధ్యస్థ దేశాలే. యూరప్, మరికొన్ని దేశాలు 2020లో తమలో తాము ఒక ప్రత్యామ్నాయ అప్పీలు ఏర్పాటు చేసుకున్నాయి. భారత్ అందులో చేరలేదు. తాత్కాలిక పందిరి వేస్తే అసలు ఇల్లు ఎవరూ కట్టరన్నది మన వాదన.

ప్రభుత్వ వకీలు స్థానం ఇక్కడ ఇరకాటంలో పడుతుంది. ఫిర్యాదుదారుగా ఉన్న కేసులో "తీర్పు అమలు చేయండి" అని రాసిన చేత్తోనే, ఇంకో ఫైలులో "అప్పీలు పెండింగ్‌లో ఉంది" అని రాయాలి.

మన దగ్గర ఈ ఉద్యోగం ఎక్కడుంది?

అమెరికాలో జవాబు తేలిక. అమెరికా వాణిజ్య ప్రతినిధి (యూఎస్‌టీఆర్) ఆఫీసులో జనరల్ కౌన్సెల్ అనే న్యాయ విభాగం ఉంది, అందులో ఈ పనికే పెట్టుకున్న న్యాయవాదులున్నారు. యూరోపియన్ కమిషన్‌కు సొంత లీగల్ సర్వీస్ ఉంది. భారత్‌లో ఈ పేరుతో ఒక కేడర్ లేదు. పని మాత్రం నాలుగైదు చోట్ల చెల్లాచెదురుగా ఉంది.

వాణిజ్య శాఖలోని ట్రేడ్ పాలసీ డివిజన్ విధానం నడుపుతుంది. అక్కడ ఎక్కువగా ఐఏఎస్, ఇతర సర్వీసుల అధికారులు కొన్నేళ్ల డెప్యుటేషన్ మీద వస్తారు. జెనీవాలో డబ్ల్యూటీవోకు శాశ్వత మిషన్, రాయబారి ఉన్నారు. విదేశాంగ శాఖలో ఒప్పందాలు చూసే లీగల్ అండ్ ట్రీటీస్ డివిజన్ ఉంది. న్యాయశాఖలో ఇండియన్ లీగల్ సర్వీస్ ఉంది. అసలు వాదనలు రాసే పని చాలావరకు సెంటర్ ఫర్ ట్రేడ్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ లా అనే కేంద్రానిది. వాణిజ్య శాఖ 2016లో దీన్ని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫారిన్ ట్రేడ్‌లో పెట్టింది. యువ న్యాయవాదుల్ని కాంట్రాక్టు మీద తీసుకుంటుంది. వీళ్లతోపాటు ప్రైవేటు లా సంస్థలు, జెనీవాలో వర్ధమాన దేశాలకు తక్కువ ఫీజుకు సాయపడే సలహా కేంద్రం ఉన్నాయి. ఒకప్పుడు ప్రైవేటు వకీళ్లను వాదనల గదిలోకే రానిచ్చేవారు కాదు. 1997లో అరటిపళ్ల కేసులో సెయింట్ లూసియా అనే చిన్న ద్వీపదేశం పట్టుబట్టాకే అప్పీలేట్ బాడీ ఆ తలుపు తెరిచింది.

ఈ ఏర్పాటు చాలా? శాశ్వత కేడర్ కావాలనేవాళ్లు జ్ఞాపకం గురించి మాట్లాడతారు. బర్డ్ ఫ్లూ పేరుతో మనం ఆపిన అమెరికా కోడిమాంసం కేసు 2012లో మొదలై 2023లో రాజీతో ముగిసింది. పదకొండేళ్లు. ఈలోపు కుర్చీలో ఎంతమంది మారి ఉంటారు? కాంట్రాక్టు మీద చేరినవాళ్లు మూడు నాలుగేళ్లు పని నేర్చుకుని ఢిల్లీ లా సంస్థల్లోకి వెళ్లిపోతే, మళ్లీ మొదటి నుంచి.

వద్దనేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. కేసులు ఒకేసారి మీద పడతాయి, తర్వాత కొన్నేళ్లు రావు. శాశ్వత ఉద్యోగులను పెట్టుకుంటే పనిలేని రోజుల్లో ఏం చేయాలి? పైగా వ్యవసాయ శాఖ నుంచి, ఆర్థిక శాఖ నుంచి, రాష్ట్రాల నుంచి సమాచారం రాబట్టాలంటే ఒప్పందం కంఠతా వచ్చినవాడికంటే సెక్రటేరియట్ దారులు తెలిసిన అధికారే నయం. బయటికి వెళ్లిన లాయర్లు కూడా వృథాగా పోరు, రేపు ఎగుమతిదారు తరఫున వాషింగ్టన్ ప్రశ్నపత్రానికి జవాబు రాసేది వాళ్లే. నా మొగ్గు మాత్రం జ్ఞాపకం వైపే. సర్దుబాటు ఒప్పందాల్లో కూడా పాత ఫైలు తెలిసినవాడి మాట వేరుగా ఉంటుంది. 2023 జూన్‌లో భారత్, అమెరికా ఆరు కేసుల్ని ఒకేసారి మూసేశాయి, సెప్టెంబరులో ఏడోది కూడా. ఏ కేసు ఎంత బలంగా ఉందో తెలియకుండా అలాంటి బేరంలో కూర్చోవడం పేకముక్కలు చూసుకోకుండా ఆడటమే.

కేసులు లేని రోజుల్లో

ఎక్కువ రోజులు అలాంటివే. అప్పుడు పని ఒప్పందాలు. యూఏఈతో 2022లో, యూరప్‌లోని నాలుగు దేశాల ఎఫ్టా కూటమితో 2024లో, బ్రిటన్‌తో 2025 జులైలో సంతకాలయ్యాయి. మంత్రులు చేతులు కలిపిన ఫొటో వచ్చాక కూడా న్యాయవాదులకు నెలల కొద్దీ పని మిగులుతుంది. దాన్ని లీగల్ స్క్రబ్బింగ్ అంటారు, అంటే ఒప్పందాన్ని అక్షరం అక్షరం తోమడం. "సమాచారం ఇస్తుంది" అన్న చోట "ఇవ్వడానికి కృషి చేస్తుంది" అని మారితే మొదటిదాని మీద కేసు వేయొచ్చు, రెండోదాని మీద దాదాపు వేయలేం. ఘనీభవించిన రొయ్య కస్టమ్స్ పట్టికలో 3వ అధ్యాయంలో ఉంటుంది, వండి సిద్ధం చేసినది 16వ అధ్యాయంలో ఉంటుంది. రాయితీ ఏ అధ్యాయానికి రాశారన్నది మన ప్రాసెసింగ్ ప్లాంట్లకు ప్రసంగాలకంటే ముఖ్యం.

ఈ దారిలోకి వచ్చేవాళ్లు ఎక్కువగా లా డిగ్రీ, తర్వాత వాణిజ్య చట్టంలో ఎల్‌ఎల్‌ఎం చేసినవాళ్లు. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య వర్సిటీ లాంటి చోట్ల చదివే పిల్లలకు జాన్ హెచ్. జాక్సన్ పేరిట జరిగే మూట్ కోర్టు పోటీ మొదటి మెట్టు. అందులో ఊహాత్మక డబ్ల్యూటీవో కేసు వాదిస్తారు. కాస్త అర్థశాస్త్రం, కాస్త అకౌంట్స్ తెలిస్తే సగం భయం పోతుంది. సివిల్స్ ద్వారా ఇండియన్ ట్రేడ్ సర్వీస్‌లో చేరడం ఇంకో దారి, దానికి లా డిగ్రీ అక్కర్లేదు.

మళ్లీ గట్టు మీది ప్రశ్న

2025 ఆగస్టులో బ్రెజిల్ అమెరికా సుంకాల మీద జెనీవాలో సంప్రదింపులు కోరుతూ కాగితం ఇచ్చింది. అంటే దారి ఉంది. భారత్ ఆ దారి పట్టకుండా బేరసారాల బల్ల దగ్గరే కూర్చుంది. కేసు వేసి గెలిచినా అమెరికా శూన్యంలోకి అప్పీలు చేస్తుంది, పైగా జాతీయ భద్రత మినహాయింపు అంటుంది, ఈలోపు బేరం చెడుతుంది అన్నది ఒక లెక్క. కేసు వేస్తే కనీసం బల్ల మీద ఒక పావు పెరుగుతుంది, ఊరుకుంటే ఒప్పుకున్నట్టు అన్నది ఇంకో లెక్క. అదే ఏడాది మేలో ఉక్కు, అల్యూమినియం సుంకాల మీద మాత్రం ప్రతి సుంకాలు వేసే హక్కు దాచుకుంటున్నామని భారత్ డబ్ల్యూటీవోకు నోటీసు ఇచ్చింది. అవి సేఫ్‌గార్డ్ సుంకాలని, అంటే దిగుమతులు పెరిగితే సొంత పరిశ్రమను కాపాడుకోవడానికి వేసేవని మనం, కాదు దేశ భద్రత కోసమని అమెరికా. మళ్లీ ఒక్క పదం మీద తగువు.

ఇలాంటప్పుడు వాణిజ్య న్యాయవాది ఫైలు మీద రాసేది మూడు సంగతులు: కేసు నిలుస్తుందా, ఎన్నాళ్లు పడుతుంది, ఓడితే మన ఏ పథకం మీదికి వస్తుంది. ఆ నోటు పైకి వెళ్తుంది. వేద్దామా వద్దా అన్నది మంత్రివర్గ స్థాయిలో తేలుతుంది, తేలాక ఏది తేలితే దానికి తగ్గ కాగితం మళ్లీ ఆయనే రాయాలి. ఈలోపు నెల్లూరులో రైతు సీడ్ వేయాలా వద్దా అని చూస్తుంటాడు. పంటకాలం నాలుగు నెలలు. సంప్రదింపుల గడువొక్కటే రెండు నెలలు.